అద్దం ఎక్కకపోతే హ్యాండిల్ మీద కోపం తియ్యకున్రి

ప్రశ్న: అన్నా నమస్తే. నాది 2003 మారుతి 800. మొన్న మేడారం పోయొచ్చినప్పటి సంది డ్రైవర్ సైడు అద్దం సగం దాకా మంచిగనే ఎక్కుతది, ఆడికెళ్లి హ్యాండిల్ తిప్పాలంటే రెక్క గుంజుతుంది, ఇంకో చేత్తోటి అద్దాన్ని పట్టి లేపితే గానీ పైకి పోదు. మెకానిక్‌ను అడిగితే అద్దాన్ని ఎక్కిచ్చి దించే మిషన్ మొత్తం మార్చాలె, లేకుంటే పవర్ విండో పెట్టించుకో అంటున్నడు. ఇంట్ల చేసుకునే పనేనా ఇది? – పరకాల నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇంట్ల చేసుకునే పనే తమ్మీ, ఆదివారం పొద్దున కూసుంటే అయిపోతది. మిషన్ మార్చుడు సంగతి తర్వాత, ముందుగాల అసలు తప్పు మిషన్‌ది అవునా కాదా చూడు. సగం దాకా ఎక్కి ఆడ బిగుసుకుంటుందంటే నాకైతే అద్దం జారే రబ్బరు బీడింగ్ మీదనే అనుమానం. జాతర తొవ్వ దుమ్ము ఎట్లుంటదో నీకు నేను చెప్పాల్నా, అదంత ఆ సందుల్నే చేరుతది, దాని మీద వాన పడి ఎండితే గట్టిగ పట్టుకుంటది. ఇట్లున్నప్పుడు బలవంతంగ తిప్పితే రబ్బరుకేం గాదు, మిషన్ లోపలున్న గేర్ పండ్లు అరుగుతయి, అప్పుడు నిజంగనే మిషన్ మార్చాలె.

డోర్ విప్పకముందు తడిబట్టను సన్న స్కేలుకు చుట్టి బీడింగ్ సందుల పైనుంచి కిందికి నాలుగైదు సార్లు గీకు, బట్ట ఎంత నల్లగొస్తదో చూడు. పూర్తిగ ఆరినంక సిలికాన్ స్ప్రే కొట్టి అద్దాన్ని ఎక్కిచ్చు, దించు. ఇంట్ల ఉంది గదా అని గ్రీజు, ఇంజన్ ఆయిలు మాత్రం రబ్బరుకు పుయ్యకు. నూనెకు రబ్బరు ఉబ్బుతది, మీదికెళ్లి దుమ్మును ఇంకింత పట్టుకుంటది, నాలుగు రోజులు మంచిగ తిరిగి ఐదో రోజు మొదటికంటే అధ్వానమైతది.

దానికీ లొంగకపోతే డోర్ ప్యాడ్, అంటే డోర్‌కు లోపలి దిక్కు బిగించిన అట్ట, విప్పాలె. ముందు అద్దం మొత్తం ఎక్కిచ్చి హ్యాండిల్ ఏ వైపుకు ఉందో ఫోన్ల ఫొటో తీస్కో, లేకుంటే బిగించేటప్పుడు అది మోకాలికి తగిలేటట్టు కూసుంటది. హ్యాండిల్ ఎనక సన్న తీగె లాకు ఉంటది. స్క్రూడ్రైవర్‌తోటి పొడిస్తే ప్యాడ్ చినుగుతది, పాత దస్తీని హ్యాండిల్‌కు ప్యాడ్‌కు నడుమ దోపి రంపం కోసినట్టు అటు ఇటు గుంజు, లాకు బట్టకు చిక్కి బయటికొస్తది. టప్పున ఎగిరి సీటు కింద పడ్డదంటే ఇగ దాన్నే ఎతుక్కుంట కూసుంటవు, కాబట్టి పక్కకు ఒక చెయ్యి అడ్డం పెట్టు. తర్వాత చెయ్యి పట్టుకునే కాడి స్క్రూలు, లోపలి డోర్ హ్యాండిల్ కాడి స్క్రూ విప్పి, అంచు పొంటి ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులను ఒక్కొక్కటి కదిలియ్యి. పాతబండి గదా ఒకటి రెండు ఇరుగుతయి, అవి స్పేర్ షాపుల విడిగ దొరుకుతయి. 2014ల ఈ బండి తయారీ ఆపిన్రు గానీ సామాను కోసం ఇంకా తిప్పలైతే లేదు.

లోపల అతికిచ్చిన పాలిథీన్ కవరును చింపకు, నెమ్మదిగ ఒక మూల నుంచి లేపు. పనికిరాని కవరు అని కొందరు పారేస్తరు, వాన నీళ్లు ప్యాడ్ అట్ట మీదికి రాకుండ ఆపేదే అది.

ఇప్పుడు అసలు పరీక్ష. అద్దం అడుగున పట్టీని మిషన్‌కు పట్టిచ్చిన బోల్టులు డోర్ కంతలకు ఎదురుగ వచ్చేదాక, హ్యాండిల్‌ను అది కూసునే కడ్డీకి (షాఫ్టుకు) మళ్ల పెట్టి తిప్పుకుంట అద్దాన్ని దించు. మందం టేపుతోటి అద్దాన్ని డోర్ ఫ్రేముకు అతికిచ్చి, ఇంకొకరిని పట్టుకోమని, అప్పుడు బోల్టులు విప్పు. టేపు లేకుండ విప్పితే అద్దం దబ్బున లోపలికి పోతది, పక్క అద్దాలు దెబ్బ తగిలితే బియ్యపు గింజలంత ముక్కలైతయి. విప్పినంక అద్దాన్ని రెండు చేతులతోటి పైకి కిందికి జరుపు. చేతికే బరువుగ, పట్టేసినట్టు వస్తుందంటే తప్పు బీడింగ్‌ది, అది కొత్తది వేస్తే చాలు. అద్దం సాఫుగ జారుతుందంటే ఇగ హ్యాండిల్‌ను షాఫ్టుకు పెట్టి ఉత్త మిషన్ తిప్పి చూడు. కటకట కొట్టినా, ఒక కాడ జారినా పండ్లు పోయినట్టు. ఉత్తగ బిగుసుగ ఉంటే పాత గ్రీజు తుడిచి పండ్లకు, రోలర్‌కు కొత్త గ్రీజు పెట్టు. గ్రీజు పెట్టే జాగ ఇదే. మిషన్‌కు చుట్టిన స్ప్రింగ్ ఉంటే దాని జోలికి పోకు, బిగుసుకొని ఉంటది, వేళ్లు కోస్తది. డోర్ రేకు అంచులు కూడ బ్లేడు లెక్కనే ఉంటయి, గ్లవ్స్ వేస్కో.

పవర్ విండో అంటవా, బీడింగ్ పట్టేసి ఉంటే మోటర్ మాత్రం ఏం చేస్తది, అది కూడ కాలిపోతది. ముందు అద్దాన్ని సాఫుగ జారనియ్యి, తర్వాత నీ ఇష్టం.

ప్రశ్న: అన్నా, మా పాత బండికి ఎనక డోర్ హ్యాండిల్ గుండ్రంగ తిరుగుతనే ఉంది, అద్దం మాత్రం కదలదు. పిల్లలు కూసునే సైడు అది. మిషన్ పోయినట్టేనా? – నర్సంపేట నుంచి ఒక చెల్లె

జవాబు: పైసలు పెట్టకముందు ఒక్క పని చెయ్యి చెల్లె. అవతలి డోర్ హ్యాండిల్ విప్పి దీనికి పెట్టి తిప్పు, విప్పుడు ఎట్లనో పై జవాబుల ఉంది. అద్దం కదిలితే మిషన్ మంచిగున్నట్టే, పాత హ్యాండిల్ లోపలి ప్లాస్టిక్ గీతలు అరిగిపోయినయి, కొత్త హ్యాండిల్ ఒక్కటి కొంటే సరి. ఫెవిక్విక్ పొయ్యమని ఎవరన్న చెప్తే వినకు, రేపు ప్యాడ్ విప్పాలంటే హ్యాండిల్ పలగ్గొట్టుడే. మంచి హ్యాండిల్‌తోటి కూడ కదలకపోతే అప్పుడు లోపల చూడాలె, కొన్ని బండ్లకు పండ్లకు బదులు కేబుల్ ఉంటది, అది తెగితే అతికిచ్చుడు ఉండదు, సెట్టు మార్చుడే.

ప్రశ్న: వాన పడ్డంక డోర్ తీస్తే లోపల నీళ్లు గలగల అంటున్నయి. అద్దం పక్క రబ్బరు పోయిందా? – కాజీపేట

జవాబు: అద్దం మీది నీళ్లు కొన్ని డోర్ లోపలికి దిగుతయి, అది మామూలే, కింద అంచుకు కంతలు పెట్టేది అందుకే. మీయి మట్టితోటి మూసుకపోయినయి. డోర్ తెరిచి కింద నుంచి చూస్తే కనపడతయి, సన్న తీగెతోటి పొడవున్రి, చెప్పులు జరంత దూరం పెట్టుకోన్రి, ఎర్ర నీళ్లు ఒక్కసారే వస్తయి.