మీ ప్రశ్నలు - మా జవాబులు: అమెరికాలో ఒక చిన్న ఊరు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో కొలంబస్ అనే ఊళ్లో ఇంజిన్ల కంపెనీలో చేస్తున్నాడు. కోడలికి నెలలు నిండుతున్నాయి, నేనూ మావారూ వెళ్లి కొన్నాళ్లు ఉండాలి. అది మరీ చిన్న ఊరని, చూడ్డానికి ఏమీ ఉండదని, బోర్ కొట్టి చస్తారని ఇక్కడ అందరూ భయపెడుతున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మిమ్మల్ని భయపెట్టినవాళ్లు ఆ ఊరి గురించి విని ఉండరు. జనాభా 50 వేల పైచిలుకే, మన కూకట్‌పల్లిలో ఒక మూలకి చాలదు. అయినా గొప్ప గొప్ప ఆర్కిటెక్టులు కట్టిన భవనాలు చూడాలని దేశదేశాల నుంచి జనం వెతుక్కుంటూ వచ్చే ఊరది.

ముందు టికెట్ సంగతి చూసుకోండి. ఒహాయో రాష్ట్రంలో ఇంకో కొలంబస్ ఉంది, చాలా పెద్ద నగరం, పొరపాటున దానికి బుక్ చేస్తే అనవసరమైన టెన్షన్. మీరు దిగాల్సింది ఇండియానాపొలిస్‌లో. అక్కడి నుంచి దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్లు, కారులో గంట.

మీ అబ్బాయి పనిచేసేది బహుశా కమిన్స్‌లోనే. 1919లో ఆ ఊళ్లోనే పుట్టిన డీజిల్ ఇంజిన్ల కంపెనీ, మన పుణెకి కూడా 1962లోనే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పిల్లల సంఖ్య పెరిగి ఊళ్లో బళ్లు చాలకపోతే, హడావుడిగా చవకరకం కట్టడాలు లేపడం మొదలుపెట్టారు. కంపెనీని నడిపిన జె. ఇర్విన్ మిల్లర్‌కి అది నచ్చలేదు. మంచి ఆర్కిటెక్టుని పెట్టుకోండి, ఆయన ఫీజు మా ఫౌండేషన్ కడుతుంది, కాకపోతే మేమిచ్చే జాబితాలోంచి ఎంచుకోవాలి అన్నారు. అలా 1957లో మొదటి బడి తయారైంది. ఆ తర్వాత ఎన్నో బళ్లు, ఫైర్ స్టేషన్లు కూడా ఇదే పద్ధతిలో కట్టారు. పెద్ద ఆర్కిటెక్టు గీసిన బళ్లో మామూలు ఇంటి పిల్లలు చదువుకోవడం నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి.

ఫిఫ్త్ స్ట్రీట్‌తో మొదలుపెట్టండి, అక్కడే విజిటర్స్ సెంటర్ ఉంది. ఎదురెదురుగా రెండు భవనాలు కనిపిస్తాయి. ఒకటి 1942లో ఎలియెల్ సారినెన్ కట్టిన ఫస్ట్ క్రిస్టియన్ చర్చి, పక్కన విడిగా పొడవాటి ఇటుక గోపురం ఉంటుంది. రెండోది ఐ.ఎం. పే అనే ఆర్కిటెక్టు కట్టిన లైబ్రరీ, 1969 నాటిది, దాని ముందున్న పెద్ద కంచు తోరణం శిల్పి హెన్రీ మూర్ చేసింది. దాని కిందుగా నడిచి వెళ్లొచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. అక్కడి నుంచి వాషింగ్టన్ స్ట్రీట్‌కి నడిచే దూరమే. అక్కడ ఎలియెల్ కొడుకు ఈరో సారినెన్ 1954లో కట్టిన అద్దాల బ్యాంకు భవనం ఉంది. బ్యాంకంటే కోటలా ఉండాలనుకునే రోజుల్లో లోపల ఏం జరుగుతోందో వీధిలోకి కనిపించేలా కట్టారు. కొంచెం ముందుకెళ్తే జహరాకోస్, 1900లో గ్రీకు సోదరులు పెట్టిన ఐస్‌క్రీమ్ కొట్టు. దాంట్లో మీవారిని కాసేపు కూర్చోబెట్టండి, పాతకాలపు పెద్ద సంగీతయంత్రం చూడాల్సిందే.

మిల్లర్ కుటుంబం ఉన్న ఇల్లు కూడా చూపిస్తారు, అదీ ఈరో సారినెన్ పనే, తోట వేసింది డాన్ కైలీ. కానీ నేరుగా వెళ్తే లోపలికి పంపరు, విజిటర్స్ సెంటర్ ద్వారా ముందే బుక్ చేసుకోవాలి, ఈ పని అబ్బాయికి ఇప్పుడే అప్పజెప్పండి.

ప్రశ్న: డబ్బున్న కంపెనీ ఉంది కాబట్టి అలాంటి ఊళ్లు బాగుపడతాయి. మా సొంతూరు జనగామ దగ్గర, పాత బజారంతా మూతపడుతోంది. అలాంటి కంపెనీ లేని ఊళ్లు కోలుకోవడం అసలు సాధ్యమా?
- ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: డబ్బు సంగతి మీరన్నది నిజమే, కాదనను. కానీ కొలంబస్ కూడా దెబ్బ తింది. 2008 జూన్‌లో వరదొచ్చి ఊరి ఆసుపత్రి నెలల తరబడి మూతపడింది. మరుసటి ఏడాది ఆ అద్దాల బ్యాంకు నడిపిన సంస్థే కూలిపోయింది. ఊరి మధ్యలో 1973లో కట్టిన మాల్ అప్పటికే కళ తప్పింది.

తర్వాత ఏం చేశారో చూడండి. మాల్‌ని పడగొట్టి, దాన్ని ఆనుకుని ఉన్న కామన్స్ అనే ఊరుమ్మడి హాలుని 2011లో కొత్తగా కట్టుకున్నారు. బ్యాంకు భవనాన్ని సమావేశాల హాలుగా మార్చారు. మూతపడ్డ జహరాకోస్‌ని మళ్లీ మెరుగుపెట్టి 2009లో తెరిచారు. నార్త్ క్రిస్టియన్ చర్చి అని ఈరో సారినెన్ చివరి రోజుల్లో గీసినది ఒకటుంది, ఆయన పోయాక 1964లో పూర్తయింది. వచ్చేవాళ్లు తగ్గి 2022లో అక్కడ ఆరాధనలు ఆగిపోతే, ఆ భవనం లైబ్రరీ చేతికొచ్చింది. పాత భవనానికి ఈరోజు చేయాల్సిన పని ఒకటి వెతికి ఇవ్వడం, అంతే. రంగులేసి తాళం పెడితే పదేళ్లలో మళ్లీ పాడుబడుతుంది.

పెద్ద కంపెనీ లేని ఊళ్ల కోసం కూడా ఒక పద్ధతి ఉంది. హైవే పక్కన మాల్స్ వచ్చాక మిడ్‌వెస్ట్‌లో ఊరి మధ్య వీధులు వెలవెలబోతుంటే, 1977లో పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే అక్కడి సంస్థ మూడు ఊళ్లు తీసుకుని ప్రయోగం చేసింది. అందులో ఒకటి ఇదే ఇండియానాలో ఒహాయో నది ఒడ్డునున్న మాడిసన్. ఆ వీధి బాగోగులు చూడ్డానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టడం ముఖ్యమైన పని. ఆ మనిషి కొట్లవాళ్లందర్నీ కూర్చోబెట్టి మాట్లాడతాడు, ముందు భాగాలు పాత తీరులో బాగుచేయిస్తాడు, ఖాళీ కొట్లకి అద్దెదారుల్ని వెతుకుతాడు, జనం వచ్చేలా సంతలూ ఉత్సవాలూ పెట్టిస్తాడు. 1980 నుంచి ఇది దేశమంతా మెయిన్ స్ట్రీట్ పేరుతో నడుస్తోంది.

మన దగ్గర 1935 నాటి మొజంజాహీ మార్కెట్ చూడండి. 2020లో రాయి శుభ్రం చేసి బాగుచేశారు, పండ్ల కొట్లూ ఐస్‌క్రీమ్ కొట్లూ ఈరోజుకీ అక్కడే నడుస్తున్నాయి, అందుకే సాయంత్రం కూర్చోడానికి జనం వస్తున్నారు. మీ బజారులో ముందు కొట్ల యజమానులు ఒకచోట కూర్చోవాలి. మున్సిపాలిటీ కోసం ఎదురుచూస్తూ ఉండిపోవద్దు.

ప్రశ్న: చలికాలంలో అలాంటి ఊళ్లో పెద్దవాళ్లు పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికెళ్లాలి?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: కొలంబస్ అయితే కామన్స్‌కే వెళ్లండి. లోపలే పిల్లలు ఎక్కి దిగే ఆటస్థలం ఉంది, జాన్ టాంగ్లీ చేసిన భారీ కదిలే ఇనుప శిల్పం ఉంది, పిల్లలు దాన్ని వదలరు. మంచు పడ్డ రోజు జారని అడుగున్న బూట్లు వేసుకోండి, చీర మీద స్వెటర్ ఒక్కటే అసలు సరిపోదు, లోపల థర్మల్స్ ఉండాలి. ఎండలు వచ్చాక నది పక్కనున్న మిల్ రేస్ పార్క్‌కి మార్చుకోండి.