టెక్ సందేహాలు: పేరు కొట్టినా కనిపించని యాప్

కొన్ని వారాలుగా ఒకే మొర రకరకాల రూపాల్లో వస్తోంది. "యాప్ ఉందని తెలుసు, పేరూ తెలుసు. స్టోర్‌లో కొడితే ఇంకేవో వస్తున్నాయి." ఒక్కొక్కరికీ విడిగా రాసి రాసి చేతులు నొప్పెట్టి, ఈసారి అలాంటి ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టాను. ఫోన్ వేడెక్కుతోంది, స్టోరేజీ నిండింది అన్నవాళ్లు వచ్చే వారం దాకా ఆగాలి.

ఖమ్మం నుంచి ఒక టీచర్: మా తమ్ముడు బీటెక్ అయ్యాక పంచాంగం యాప్ ఒకటి చేశాడు. ప్రకటనలు లేవు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కానీ ప్లే స్టోర్‌లో పంచాంగం అని వెతికితే ఎంత కిందికి జరిపినా రాదు. లింకు పంపితేనే తెరుచుకుంటోంది. వాడిలో ఏదైనా లోపమా?

లోపం తమ్ముడిలో లేదండీ, వెతుకులాట పెట్టెలో ఉంది. మీరు పంపిన లింకుతో వేసుకుని రెండు రోజులు వాడాను. శుభ్రంగా ఉంది. పేరు ఇక్కడ రాయను, రాస్తే అదీ ప్రకటనే అవుతుంది.

తర్వాత నేనూ స్టోర్‌లో "పంచాంగం" అని తెలుగులో కొట్టాను. అన్నిటికన్నా పైన 'స్పాన్సర్డ్' అన్న చిన్న మాట తగిలించుకుని ఒక జ్యోతిష్యం యాప్. నిమిషానికి ఇంత అని తీసుకుని మాట్లాడిస్తుందట. దాని కింద క్యాలెండర్లు వరుసకట్టాయి. పేర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు 'తెలుగు', 'క్యాలెండర్', 'పంచాంగం', 'రాశిఫలాలు' అన్న నాలుగు మాటల్ని అటూ ఇటూ మార్చి పేర్చినవే. యాప్ బొమ్మలో (ఐకాన్‌లో) కాషాయం రంగు, మధ్యలో గణపతి. వేలు నొప్పెట్టేదాకా జరిపాను. మీ తమ్ముడి యాప్ రాలేదు.

ఐఫోన్ యాప్ స్టోర్ 2008 జులైలో మొదలైనప్పుడు అందులో ఉన్నవి 500 యాప్‌లు. తీరిగ్గా కూర్చుంటే ఒక సాయంత్రంలో అన్నీ చూసేయొచ్చు. ఇప్పుడు అక్కడ దాదాపు 20 లక్షలున్నాయి. అంత సరుకున్న కొట్లో చేతికి అందే అర ఏదో కొట్టువాడే నిర్ణయిస్తాడు. ఆ పై అరను అద్దెకివ్వడం ప్లే స్టోర్‌లో 2015లో, యాప్ స్టోర్‌లో 2016లో మొదలైంది. 2022 అక్టోబర్‌లో ఐఫోన్ స్టోర్ ఇంకో అడుగు వేసి, ఒక యాప్ సొంత పేజీలోనే వేరేవాళ్ల ప్రకటనలు పెట్టింది. పిల్లల యాప్‌లు చేసుకునేవాళ్లు తమ పేజీలో జూదం ప్రకటనలు చూసి గోల పెట్టాక, ఆ జూదం వరకు ఆపారు. ప్రకటనల పద్ధతి మాత్రం అలాగే ఉంది.

ప్రకటనలను దాటినా కథ అంతే. ముందే వేల మంది వేసుకున్నది పైకి వస్తుంది, పైన ఉంది కాబట్టి ఇంకొన్ని వేల మంది వేసుకుంటారు. దేనికి ఎంత తూకం వేస్తారో స్టోర్లు బయటపెట్టవు. పేరులోని మాటలకు విలువ ఎక్కువని మాత్రం చేసేవాళ్లందరికీ తెలుసు, ఆ నాలుగు మాటల పేర్చుడు అందుకే. 2021లో ప్లే స్టోర్‌లో యాప్ పేరు 30 అక్షరాలు దాటకూడదన్నారు, 'బెస్ట్', 'నంబర్ వన్' లాంటి మాటలు నిషేధించారు. గోల కాస్త తగ్గింది. మీ తమ్ముడు మాత్రం అచ్చ తెలుగులో ముచ్చటైన ఒక్క మాట పేరు పెట్టాడు. ఆ మాట ఎవరు వెతుకుతారు? పేరు పక్కన 'తెలుగు పంచాంగం' అని చేర్చమనండి. మనసు ఒప్పదు, తెలుసు. చేర్చాలి.

ఇంకో చిక్కు మన లిపితోనే ఉంది. క్యాలెండర్ అనేదాన్ని మనవాళ్లు క్యాలండర్, కాలెండర్, క్యాలెన్డర్ అని రాస్తారు. ఇంగ్లిష్ అక్షరాల్లో అయితే 'ఈ' పెట్టాలో 'ఏ' పెట్టాలో బడి రోజుల నుంచీ తేలనే లేదు. యాప్ వివరణకు ప్లే స్టోర్ 4,000 అక్షరాల చోటు ఇస్తుంది, మీవాడు ఆరు లైన్లు రాసి వదిలేశాడు, అదీ ఇంగ్లిష్‌లో. తెలుగు పేజీ విడిగా పెట్టుకునే వీలుంది. తిథి, వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం, పెళ్లి ముహూర్తాలు అని జనం వెతికే మాటలతో, మనుషులు చదివే వాక్యాల్లో రాయమనండి. ఒకే మాట పాతికసార్లు కుక్కితే యాప్‌నే తీసేస్తారు.

ఒక్కటి మాత్రం చేయొద్దని గట్టిగా చెప్పండి. "మీది నేను వేసుకుంటా, నాది మీరు వేసుకోండి, అయిదు నక్షత్రాలు ఇచ్చుకుందాం" అనే గ్రూపుల్లో చేరొద్దు. అవి ఎందుకు పుట్టాయో నాకు తెలుసు. 2023 నవంబర్ 13 తర్వాత వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు ప్లే స్టోర్‌లో యాప్ పెట్టాలంటే ముందు 20 మందితో వరుసగా 14 రోజులు పరీక్ష చేయించాలన్నారు. తర్వాత 20ని 12 చేశారు. నకిలీలను ఆపడానికే. నకిలీ ముఠాకు 12 ఫోన్లు కొనడం పెద్ద పనా? ఇబ్బందంతా ఖమ్మంలో ఒంటరిగా కూర్చుని రాసుకునే కుర్రాడికే. "టెస్టింగ్‌కి 12 మంది కావాలి ప్లీజ్" అని కాలేజీ గ్రూపుల్లో కనబడే మెసేజీలు ఇవే.

డాలస్ నుంచి ఒక పాఠకురాలు: అమ్మ రాజమండ్రిలో ఉంటుంది. 50 లక్షల డౌన్‌లోడ్లు ఉన్నాయని ఒక క్యాలెండర్ యాప్ వేయించాను. తిథి చూడాలంటే ముందు వీడియో ప్రకటన చూడాలి. ఇప్పుడు ఫోన్ లాక్ తీసినా ప్రకటన వస్తోందట. ఇంతమంది వాడేది ఇలా ఎందుకుంటుంది?

ఇంతమంది వాడేది కాదమ్మా, ఇంతమంది ఎప్పుడో ఒకసారి వేసుకున్నది. ఆ అంకెలో మర్నాడే పీకేసినవాళ్లూ ఉంటారు. అది పెరగడమే గానీ తగ్గడం ఉండదు.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రాత్రి బస్సులు కొన్ని దారిలో ఒక హోటల్ దగ్గర ఆగుతాయి. ఎప్పుడు చూసినా కిటకిట. ఇడ్లీ బాగుండి కాదు, బస్సు అక్కడ ఆగింది కాబట్టి. బస్సు అక్కడే ఎందుకు ఆగిందంటే డ్రైవరుకూ క్లీనరుకూ భోజనం ఉచితం. 50 లక్షలు చూసినప్పుడల్లా నాకు ఆ హోటలే గుర్తొస్తుంది.

నన్ను నేను వెనకేసుకు రాను. ఆ మధ్య కరెంటు బిల్లు కట్టే తొందరలో స్టోర్‌లో పేరు కొట్టి, పైన కనిపించింది వేసుకున్నాను. బిల్లు కట్టింది, నిజమే. పైన 'సౌకర్య రుసుము' అని కొంత లాగింది, కాంటాక్టులు అడిగింది, వారం పాటు రీఛార్జి ఆఫర్లు పంపింది. మళ్లీ వెళ్లి చూస్తే అది ప్రకటన. అసలు యాప్ మూడో వరుసలో ఉంది. ఈ శీర్షిక రాసేవాడి పరిస్థితే ఇది.

నక్షత్రాల సంగతి కూడా వినండి. 2021 చివరి నుంచి ప్లే స్టోర్ ఏ దేశంలో ఉన్నవాళ్లకు ఆ దేశపు రేటింగు చూపిస్తోంది. డాలస్‌లో మీకు కనిపించిన నక్షత్రాలు రాజమండ్రిలో అమ్మగారికి కనిపించేవి కావు. దూరం నుంచి యాప్ ఎంచి పంపేవాళ్లలో ఇది తెలిసినవాళ్లు తక్కువ. అమ్మగారితో ఆమె ఫోన్‌లోనే తెరిపించి, రివ్యూలను 'కొత్తవి ముందు' అని పెట్టించి, ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్లు ఏం రాశారో నాలుగు చదివించుకోండి. యాప్ మన సమాచారం ఏమేం తీసుకుంటుందో చెప్పే 'డేటా సేఫ్టీ' అన్న భాగాన్ని మరీ నమ్మేయకండి. అందులో రాసేది యాప్ చేసినవాళ్లే.

పంచాంగానికి లొకేషన్ ఎందుకని కూడా అడిగారు. కొంత అవసరమే. రాహుకాలం అంటే సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఉన్న పగటిలో ఎనిమిదో వంతు. సోమవారం రెండో భాగం. గోడ క్యాలెండర్లో 7:30 నుంచి 9 అని వేసేది పొద్దు ఆరింటికి పొడిచి ఆరింటికి కుంకుతుందని అనుకుని. డాలస్‌లో జూన్‌లో ఆ లెక్క చెల్లదు. అయితే దానికి ఊరి పేరు అడిగితే చాలు, రోజంతా మనిషి వెంటపడక్కర్లేదు. కాంటాక్టులు అడిగిందా, తీసేయండి. తిథికీ మీ పిన్నిగారి నంబరుకూ సంబంధం లేదు.

లాక్ తీయగానే వచ్చే ప్రకటన ప్లే స్టోర్ నిబంధనలకే విరుద్ధం. ప్రకటన తెర మీద ఉన్నప్పుడే రీసెంట్ యాప్‌ల బటన్ నొక్కమనండి, చాలాసార్లు దొంగ బొమ్మతో సహా దొరికిపోతాడు. సెట్టింగ్స్‌లో 'ఇతర యాప్‌ల మీద కనిపించడం' అనే అనుమతి ఎవరెవరికి ఉందో చూసి, తెలియనివాటికి తీసేయండి.

కరీంనగర్ నుంచి: పీఎం కిసాన్ యాప్ కోసం స్టోర్‌లో చూస్తే అలాంటివి చాలా వచ్చాయి, ఏది అసలుదో తెలియలేదు. ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫైలు పెట్టారు. నాన్న ఫోన్‌లో వేశాం. ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. ఈ ఉత్తరం చూసి నాకు చెమట పట్టింది. మీకు విడిగా కబురు పంపాను, మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (స్టోర్‌తో పనిలేకుండా నేరుగా యాప్ వేసేవి) మన రెండు రాష్ట్రాల్లో కొన్నాళ్లుగా ఊళ్లను చుట్టబెడుతున్నాయి. ఒకసారి పీఎం కిసాన్ పేరు, ఒకసారి ఆర్టీవో చలానా, మాఘమాసం వస్తే పెళ్లి శుభలేఖ. పంపేది తెలిసినవాళ్ల నంబరే, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే దొంగ గుప్పిట్లోకి పోయింది. వేయగానే ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తే బ్యాంకు ఓటీపీ మీకన్నా ముందు ఆ దొంగకు చేరుతుంది. తర్వాత యాక్సెసిబిలిటీ అడుగుతుంది. చూపు సరిగా లేనివాళ్లకు సాయంగా పెట్టిన ఏర్పాటు అది. అది ఇచ్చామంటే మన తెర మీద ఏముందో చదివి, మన బదులు తనే నొక్కగలదు. అందుకే 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి నుంచి వేసిన యాప్‌లకు ఈ అనుమతి నేరుగా ఇవ్వనీయకుండా అడ్డం పెట్టారు. వాడేం చేస్తాడు? ఫోన్ చేసి, "సార్, సెట్టింగ్స్‌లోకి వెళ్లండి, పైన మూడు చుక్కలు నొక్కండి" అని మర్యాదగా ఆ అడ్డం మన చేతే తీయిస్తాడు.

ఇప్పటికే వేసి ఉంటే: ముందు ఆ ఫోన్‌లో డేటా, వైఫై ఆపండి, సిమ్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి ఖాతా, యూపీఐ ఆపించండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆ క్షణమే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి కొట్టండి. తెల్లారాక చూద్దాం అనుకుంటే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. ఫోన్‌లోని ఫొటోలు వేరేచోట దాచుకుని, ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ (అంతా చెరిపి కొత్తదానిలా) చేయండి. ఉత్త అన్‌ఇన్‌స్టాల్‌తో ఊరుకోవద్దు. కొన్ని బొమ్మ లేకుండా దాక్కుంటాయి.

అసలు యాప్ సంగతికొస్తే, సర్కారు యాప్‌ను స్టోర్‌లో పేరు కొట్టి వెతకకండి. ఆ శాఖ వెబ్‌సైటుకు వెళ్లి అక్కడి లింకు నుంచే స్టోర్‌లోకి రండి. ప్రభుత్వ యాప్‌లని గుర్తించినవాటికి ప్లే స్టోర్ ఇప్పుడు ఒక ముద్ర చూపిస్తోంది, అదీ చూసుకోండి.

గ్రూపులో ఫైలు పెట్టినవాణ్నీ, నొక్కినవాణ్నీ తిట్టడం తేలికే, నేనూ తిడతాను. కానీ కరీంనగర్ రైతు ముందు స్టోర్‌కే వెళ్లాడు. అక్కడ ఒకే పోలికతో అన్ని ఎదురైతేనే వాట్సాప్‌కు వచ్చాడు. "బయటి ఫైళ్లు వేయొద్దు, స్టోరే క్షేమం" అని మనకు సుద్దులు చెప్పేవాళ్లు ముందు ఆ స్టోర్‌లో అసలుదాన్ని పైన పెట్టాలి కదా. ఆ క్షేమమూ ఎంతని? 2020 డిసెంబర్‌లో తెలంగాణలో ప్రాణాలు తీసిన అప్పుల యాప్‌లలో చాలా స్టోర్ నుంచి దించుకున్నవే. ఇప్పుడు రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో అప్పులిచ్చే యాప్‌ల జాబితా ఉంది, 2025 జులైలో పెట్టారు. అప్పు తీసుకునేముందు పేరు అందులో ఉందో లేదో చూడండి.

అనంతపురం నుంచి: కొత్త ఫోన్ కొన్నాను. ప్లే స్టోర్ కాక ఇంకో స్టోర్ కూడా ఉంది. అప్‌డేట్ అయిన ప్రతిసారీ నేను వేయని ఆటలు నాలుగు వచ్చి కూర్చుంటున్నాయి.

చౌక ఫోన్లకు పట్టిన జబ్బు ఇది. తయారీదారు ధరలో తగ్గించింది ఇలా రాబట్టుకుంటాడు. అప్‌డేట్ పూర్తవగానే వచ్చే "మీ కోసం సిఫార్సులు" అన్న పేజీలో గళ్లన్నిటికీ ముందే టిక్కు పెట్టి ఉంటుంది. మనం చూడకుండా 'నెక్స్ట్' అని నొక్కేస్తాం, అదే ఒప్పుకోలు. వచ్చేసారి ఒక్కొక్క టిక్కూ తీసి ముందుకెళ్లండి. ఆ రెండో స్టోర్ బొమ్మను నొక్కిపట్టి యాప్ వివరాల్లోకి వెళ్తే కొన్ని ఫోన్లలో 'డిసేబుల్' ఉంటుంది. లేకపోతే నోటిఫికేషన్లు, 'తెలియని యాప్‌లను వేసే అనుమతి', మొబైల్ డేటా మూడూ ఆపేయండి. నేను మా ఇంట్లో అదే చేశాను, మూడు నెలలుగా కొత్త ఆట రాలేదు.