అమలాపురం పట్టణమా, నగరమా?

సందేహం: మా అబ్బాయి వ్యాసంలో ‘అమలాపురం నగరం’ అని రాస్తే మాస్టారు కొట్టేసి ‘పట్టణం’ అని దిద్దారు. జిల్లా కేంద్రమయ్యాక కూడా పట్టణమేనా? పట్టణం, పట్నం రెండూ ఒకటేనా? (కోనసీమ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మాస్టారు దిద్దింది సరైనదేనమ్మా. అయితే ఆ తేడా నిఘంటువులో దొరకదు, మున్సిపల్ చట్టంలో దొరుకుతుంది. అమరకోశం పురి, నగరి, పత్తనం అన్నింటినీ ఒకే గాట కట్టేసి పర్యాయపదాలుగా చెప్పింది. పెద్దా చిన్నా అనే తేడా తర్వాత మనం పెట్టుకున్నదే.

ఇప్పటి లెక్క ప్రకారం కార్పొరేషన్, అంటే నగరపాలక సంస్థ ఉంటే నగరం. మున్సిపాలిటీ, అంటే పురపాలక సంఘం ఉంటే పట్టణం. పత్రికలు పాటించేదీ ఇదే. రాజమండ్రి 1994లో, కాకినాడ 2004లో కార్పొరేషన్లయ్యాయి కాబట్టి నగరాలు. మీ అమలాపురానికి 2022లో వచ్చింది కలెక్టరేటు, కార్పొరేషన్ కాదు. జనాభా లెక్కలవాళ్ల కొలత ఇంకోటి: లక్ష దాటితే చాలు, నగరమే. 2011 లెక్కల్లో భీమవరం, తాడేపల్లిగూడెం జనాభా లక్షకు పైనే. మున్సిపల్ లెక్కలో మాత్రం అవి పట్టణాలే.

అసలు తికమకంతా ‘నగర పంచాయతీ’తో వస్తుంది. పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ఊరికి రాజ్యాంగం ఇచ్చిన హోదా అది. ముమ్మిడివరం అలాంటిదే. పేరులో నగరం ఉంది, హోదా చూస్తే పట్టణం కంటే ఓ మెట్టు కింద! హిందీ మాటను యథాతథంగా దించేసుకోవడం వల్ల వచ్చిన తంటా ఇదని నా అభిప్రాయం. పక్కనున్న కర్ణాటకలో శుభ్రంగా ‘పట్టణ పంచాయితి’ అంటారు. మనమూ అలా అనుకుని ఉంటే సరిపోయేది. మామిడికుదురు మండలంలో ఏకంగా ‘నగరం’ అనే ఊరే ఉంది, అదేమో గ్రామం. ‘నగరం గ్రామంలో’ అని వార్త రాయాల్సి వచ్చిన విలేకరి అవస్థ ఊహించుకోండి.

జనానికి ఈ గొడవ పట్టదు. లంక గ్రామాలవాళ్లు అమలాపురం బయల్దేరితే ‘టౌనుకెళ్లొస్తా’ అంటారు. రాజమండ్రి నగరమై ఇన్నేళ్లయినా అక్కడి పోలీస్ స్టేషన్లు వన్‌టౌన్, టూటౌన్‌గానే ఉన్నాయి.

ఇక పట్నం. పత్తనమే పట్టణమై, వాడుకలో పట్నమైంది. విశాఖపట్నం, మచిలీపట్నం, కృష్ణపట్నం పేర్లు చూస్తే రేవుతో దానికున్న చుట్టరికం తెలుస్తుంది. కానీ ఊరికే ‘పట్నం’ అంటే మన తాతల నోట మద్రాసు, ఇప్పటివాళ్ల నోట ఎక్కువగా హైదరాబాదు. అందుకని ఊరి హోదా చెప్పేటప్పుడు ‘పట్టణం’ అనే రాయించండి. అలాగని ప్రతిచోటా దిద్దబోకండి, ‘పట్నవాసం’ కాస్తా ‘పట్టణవాసం’ అయితే ఎబ్బెట్టుగా ఉంటుంది.