రీటేక్ ఇచ్చే ముందు

అమ్మలూ,

ఆగస్టులో బడి తెరిచేలోగా అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి) స్టాటిస్టిక్స్ క్లాసుకు సిలబస్ రాసివ్వమన్నారని, హోంవర్కు, క్విజ్, రీటేక్ (టెస్టు మళ్లీ రాయించడం) నియమాల దగ్గర పెన్ను ఆగిపోయిందని నిన్న చెప్పావు. అది ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

ముందు మీ స్కూల్ డిస్ట్రిక్ట్ గ్రేడింగ్ పాలసీ, అంటే మార్కుల నియమాలు, చదువు. టెక్సస్‌లో 70 వస్తేనే పాస్. ఫెయిలైన పిల్లలతో మళ్లీ రాయించే వీలు రాష్ట్ర చట్టమే డిస్ట్రిక్టులకు ఇచ్చింది. ఎన్ని రోజుల్లో రాయించాలి, గరిష్ఠంగా ఎంత వేయాలి అన్నది మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. దానికి అడ్డొచ్చే మాట నీ సిలబస్‌లో ఉంటే మొదటి ఫిర్యాదుకే నిలబడదు.

హోంవర్కు రోజుకు నాలుగు లెక్కలు చాలు. మార్కులు వేయకు. వేస్తే రాత్రి ఒకరు చేసింది ఫొటో తీసి గ్రూపులో పెడతారు, పొద్దున ముప్పై కాగితాల్లో చేతిరాతలు వేరు, తప్పు మాత్రం ఒకటే. బదులు శుక్రవారం పది నిమిషాల క్విజ్ పెట్టి, తమ చేత్తో రాసుకున్న హోంవర్కు నోట్సు చూసుకోనివ్వు. నోట్సు ఖాళీగా ఉన్నవాడికి ఆ పది నిమిషాలూ చాలా పొడుగ్గా ఉంటాయి. క్విజ్‌లకు రీటేక్ వద్దు. సెమిస్టర్ చివర బాగా తక్కువ వచ్చినవి రెండు తీసేయి, సరిపోతుంది.

ఇక టెస్టులు. నేను రెండు వైపులా తప్పు చేశాను. మొదటి ఏడాది ఎవరడిగితే వాళ్లకు, ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు రీటేక్ ఇచ్చాను. నవంబరుకల్లా మొదటిసారి చదివి రావడం మానేశారు. మే నెలలో జరిగే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అసలు పరీక్షకు రీటేక్ ఉండదు, అక్కడ దెబ్బతిన్నారు. ఆ కోపంతో మరుసటి ఏడాది పూర్తిగా ఆపేశాను. నాయనమ్మ పోయిన వారంలోనే శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ల (నమూనా మారితే దాని సగటు ఎలా మారుతుందో చెప్పే పాఠం) టెస్టు రాసిన ఒక పిల్లకు 52 వచ్చింది. ఆ యూనిట్ అర్థం కాకపోతే ఆ తర్వాత వచ్చే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు సగటు ఏ హద్దుల మధ్య ఉండొచ్చో చెప్పే అంచనా), పీ-వాల్యూ (అసలు తేడాయే లేదనుకుంటే ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం) ఏవీ అర్థం కావు. ఆ పిల్ల తర్వాత క్లాసులో చెయ్యెత్తలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

అందుకని రీటేక్ ఉంచు. కానీ రెండింటిలో ఎక్కువది వేస్తానని మాత్రం ఒప్పుకోకు. ఎందుకో పిల్లలతోనే చేయించు. ఒక్కొక్కరినీ నాణెం పదిసార్లు ఎగరేసి ఎన్ని బొమ్మలు పడ్డాయో రాసుకోమను. క్లాసు సగటు 5 దగ్గర ఉంటుంది. మళ్లీ పదిసార్లు ఎగరేసి, రెండింటిలో ఎక్కువది ఉంచుకోమను. సగటు 5.9 దగ్గరికి పాకుతుంది. నాణెం ఏం చదివిందని పెరిగింది? ఇంగ్లండు శాస్త్రవేత్త గాల్టన్ 1886లో తల్లిదండ్రుల, పిల్లల ఎత్తుల లెక్కలతో చూపించిందీ దీనికి దగ్గరిదే: మొదటిసారి బాగా తక్కువ వచ్చినవాళ్లు ఏమీ చదవకపోయినా రెండోసారి సగటు వైపు కొంత జరుగుతారు. రెండోసారి వచ్చిందే మార్కు, తగ్గినా అదే, అని రాయి. అప్పుడు చదివినవాళ్లే వస్తారు.

మన తల్లిదండ్రులు ఒప్పుకోరు, సిద్ధంగా ఉండు. ఇంటర్‌లో బెటర్‌మెంట్ రాస్తే ఎక్కువది ఉంచే పద్ధతి చూసి పెరిగినవాళ్లు. పైగా 1997 నుంచి ఇక్కడ క్లాసులో మొదటి పది శాతంలో ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో అయితే అంతకన్నా తక్కువ శాతానికే. 93 వచ్చిన పిల్లకు రీటేక్ అడగడం వెనక ఉన్నది ఆ భయం. విసుక్కోకు, కూర్చోబెట్టి ఆ నాణేల కాగితం చూపించు.

రీటేక్‌కు ముందు దిద్దుబాటు కాగితం తప్పనిసరి చెయ్యి. పోయిన ప్రతి ప్రశ్నకూ నేనేం రాశాను, అలా ఎందుకనుకున్నాను, ఏం రాయాలి అని మూడు ముక్కలు. రెండోదే ప్రాణం. ఒక అబ్బాయి టెస్టులో కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌కు అర్థం చెప్పమంటే "95 శాతం బ్యాటరీలు 18 నుంచి 22 గంటలు పనిచేస్తాయి" అని రాశాడు. అది బ్యాటరీల సగటు గురించిన మాట, ఒక్కో బ్యాటరీ గురించి కాదు. దిద్దుబాటులో ముత్యంలాంటి వాక్యం రాసుకొచ్చాడు. రీటేక్‌లో పాల డబ్బాల లెక్క ఇస్తే, అందులోనూ బ్యాటరీల సగటనే రాశాడు. స్నేహితుడి కాగితంలోంచి దించుకున్నాడన్నమాట. అప్పటి నుంచి పక్కన కూర్చోబెట్టి ఆ రెండో ముక్క నోటితో చెప్పించుకున్నాకే రీటేక్ ఇచ్చేదాన్ని. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు పడుతుంది, ట్యుటోరియల్ గంటలో సరిపోతుంది. నా రోజుల్లో మే పరీక్ష దిద్దేవాళ్లూ ప్రతి భాగాన్నీ పూర్తిగా సరి, కొంత సరి, తప్పు అని చూసేవాళ్లు. లెక్కలోని సందర్భం వదిలేసిన వాక్యానికి "పూర్తిగా సరి" దక్కేది కాదు.

యూనిట్‌కు ఒక్క రీటేకే, కాగితం చేతికిచ్చిన వారంలోపే. ప్రశ్నలు కొత్తవి కావాలి కాబట్టి రెండో పేపరు కూడా మొదటిదాంతోపాటే తయారు చేసి పెట్టుకో. తర్వాత రాద్దామనుకుంటే అక్టోబరులో నీకు నిద్ర ఉండదు.

రాయడం అయ్యాక సిలబస్ నాకు పంపు, రీటేక్ పేరా ముందు చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ