స్టెల్త్ (శత్రువు కంటపడకుండా నక్కి వెళ్లే), ఎక్స్‌ప్లోరేషన్ (తెలియని చోట్లు వెతుక్కుంటూ తిరిగే) గేమ్స్‌లో ప్లస్సులేంటి, మైనస్సులేంటి? కొత్తవాళ్లు ఆడొచ్చా?

ఆడొచ్చు. కాకపోతే యూట్యూబ్‌లో దారి చూపించే వీడియోలు మూసేసి ఆడాలి. ఈ షరతు కుదరదంటే మిగతా జవాబు చదవక్కర్లేదు, ఏదో ఒక క్రికెట్ గేమ్ పెట్టుకోండి.

నాది తిరుపతి. మా బ్యాచ్‌కి స్టెల్త్ అంటే ఐజీఐ అనే కంప్యూటర్ షూటింగ్ గేమ్. ఆట వచ్చింది 2000లో, మా ఊరి నెట్ సెంటర్లలో మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అదే నడిచింది. బైరాగిపట్టెడలో మేం వెళ్లే సెంటర్ ఒక మేడమెట్ల కింద ఉండేది. ప్లైవుడ్ అడ్డాలు, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డులు, తిరిగీ తిరగని ఫ్యాను. డబ్బులు ముందే కట్టాలి. ఒకడు ఆడుతుంటే ఇద్దరు వెనక నిలబడి సలహాలివ్వడం ఆనవాయితీ.

ఐజీఐలో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. చస్తే మళ్లీ మొదటి నుంచే. అందరూ దీన్ని లోపం అంటారు. నేను ఒప్పుకోను, ఆ ఆట ప్రాణమే అక్కడుంది.

ఒక సాయంత్రం ట్యూషన్ ఎగ్గొట్టి ఎయిర్‌బేస్ మిషన్ ఆడుతున్నాను. గోడ వారగా కూర్చుని బైనాక్యులర్స్‌తో టవర్ మీద కాపలావాణ్ణి చూస్తున్నా. వెనక నుంచి మావాడు నా భుజం నొక్కిపెట్టి, "రేయ్, వాడు ఇట్లా తిరిగినాడు, ఉండు ఉండు" అంటున్నాడు. వాడు అటు తిరగ్గానే గదిలోకి దూరి, కెమెరాలు ఆపేసే కంప్యూటర్ దగ్గరికి చేరాను. ఇంతలో కౌంటర్ నుంచి కేక: "నాలుగో నంబర్, టైమైపోయింది నాయినా." మావాడు "ఇంకో అరగంట వెయ్యన్నా, ఇచ్చేస్తాం" అని అటు పరిగెత్తాడు. హెడ్‌ఫోన్‌లో బూట్ల చప్పుడు దగ్గరికొస్తోంది. తలుపు తెరుచుకుంది, కాల్చేశాను, సైరన్ మోగింది. ఐజీఐలో సైరన్ మోగిందంటే ఇక గదుల్లోంచి మనుషులు వస్తూనే ఉంటారు, తరిగే లెక్క కాదు. తలుపు మూల నక్కి ఒక్కొక్కణ్ణీ కాలుస్తున్నా. చెయ్యి చెమటకి మౌస్ జారిపోతోంది. అరగంటకి డబ్బులు కట్టేసి మావాడు వెనక్కి వచ్చాడో లేదో, కరెంటు పోయింది. సెంటర్ మొత్తం ఒకేసారి "ఓ..." అని అరిచింది. యూపీఎస్ ఒక్క కౌంటర్ సిస్టమ్‌కే ఉండేది. కట్టిన డబ్బులు వెనక్కివ్వమంటే "కరెంటు నేను తీసినానా" అన్నాడు కౌంటర్‌లో ఉన్నాయన. ఆ అరగంట ఇప్పటికీ బాకీయే.

పోతే నిజంగా పోతుందన్న భయం ఉంటేనే దాక్కోవడంలో మజా. ఇప్పటి ఆటల్లో ప్రతి తలుపు ముందూ ఒక బటన్ నొక్కి సేవ్ చేసుకోవచ్చు. దొరికిపోతే రెండు సెకన్లలో మళ్లీ అదే తలుపు. ఇక టెన్షన్ ఎక్కడిది? అసలు స్టెల్త్‌కి పేరు తెచ్చిన ఆట పుట్టిందే లేమిలో. 1987లో జపాన్ గేమ్ డిజైనర్ హిదియో కొజిమా మెటల్ గేర్ చేసినప్పుడు ఆ ఎమ్‌ఎస్‌ఎక్స్2 కంప్యూటర్ తెర మీద ఎక్కువమంది శత్రువుల్నీ తూటాల్నీ ఒకేసారి మొయ్యలేకపోయింది. యుద్ధం కుదరక నక్కి వెళ్లే ఆట చేశాడు.

నా లెక్కలో ఈ రకానికి పరాకాష్ఠ 1998 నాటి థీఫ్. అందులో నేల కూడా శత్రువే. తివాచీ మీద నడిస్తే చప్పుడుండదు, పాలరాయి మీద, ఇనుము మీద అడుగేస్తే పక్క గదికి వినిపిస్తుంది. నీళ్ల బాణంతో దివిటీ ఆర్పొచ్చు, నాచు బాణం కొడితే నేల మెత్తబడి అడుగుల చప్పుడు అణుగుతుంది. చెవులతో ఆడాల్సిన ఆట. తర్వాత ఏమైంది? 2009లో బ్యాట్‌మ్యాన్ అర్ఖమ్ అసైలమ్‌లో గోడల అవతల మనుషులు కూడా కనిపించే చూపు పెట్టారు. అది చూసి ఇంకెన్నో ఆటలు అదే దారి పట్టాయి. గోడ వెనకాల ఎవడున్నాడో ముందే కనిపిస్తుంటే ఇంకా చెవెందుకు, కన్నమెందుకు?

2012 నాటి డిస్‌ఆనర్డ్ నాకు ఇష్టమే, కానీ దానితో ఒక పేచీ ఉంది. చంపడానికి రకరకాల ఆయుధాలు చేతికిచ్చి, ఎక్కువమందిని చంపితే ఊరినిండా ఎలకలు పెంచి ముగింపు చెడగొడుతుంది. కత్తి ఇవ్వడమెందుకు, వాడితే తిట్టడమెందుకు? ఇక కాపలావాళ్ల తెలివి సంగతి చెప్పక్కర్లేదు. స్కైరిమ్‌లో తలకి బాణం దిగి ఉన్నవాడు కాసేపు వెతికి, గాలేమోలే అనుకుని వెళ్లిపోతాడు. ఈ రోగానికి మందు ఇంకా దొరకలేదు. అన్నిటికంటే విసుగు, ఒకడి వెనకాలే నడుస్తూ మాటలు వినాల్సిన మిషన్లు. అసాసిన్స్ క్రీడ్ బ్లాక్ ఫ్లాగ్‌లో ఓడ నడపడం స్వర్గం, ఆ వెంబడించడాలు నరకం.

ఎక్స్‌ప్లోరేషన్‌కి వస్తే, దాన్ని పాడుచేసింది మ్యాప్ మీద గుర్తులు. చాలా ఆటల్లో ఒక టవర్ ఎక్కగానే చుట్టుపక్కల ఏమున్నాయో అన్నీ మ్యాప్ మీద తెరుచుకుంటాయి. ఇక మిగిలేది జాబితా చూసుకుంటూ టిక్కులు పెట్టుకోవడమే. చంద్రగిరి కోటకి ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్లండి. రాజమహల్ కట్టడంలో కలప వాడలేదని ఒకడికి ముందే చెప్పండి, రెండోవాణ్ణి ఊరికే వదిలెయ్యండి. రెండోవాడు పైకప్పు చూసి "దూలాలేవి?" అని తనంతట తనే అడిగాడనుకోండి, వాడు ఆ కోటని జన్మలో మర్చిపోడు. సబ్‌నాటికాలో మ్యాపే ఉండదు, సముద్రం అడుగున దారి మనమే గుర్తుపెట్టుకోవాలి. 2019లో వచ్చిన ఔటర్ వైల్డ్స్ ఇంకా మొండిది. 22 నిమిషాలకోసారి సూర్యుడు పేలిపోయి అంతా మళ్లీ మొదలవుతుంది. కొత్త ఆయుధం రాదు, బలం పెరగదు, మనం తెలుసుకున్నదే మనకి మిగులుతుంది. బలహీనత కూడా అదే. ఒకసారి గుట్టు తెలిశాక రెండోసారి ఆడటానికి ఏమీ ఉండదు.

మా పిన్ని కొడుకు ఆ ఆటని యూట్యూబ్‌లో చూసుకుంటూ ఒక్క పూటలో ముగించి, "బోర్ గేమ్ అన్నా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాడి వైపు న్యాయం కూడా కొంచెం ఉంది. ఈ ఆటల్లో కథంతా ఎక్కడెక్కడో పడి ఉన్న రాతల్లో ఉంటుంది, అదీ ఇంగ్లీషులో. తెలుగు సబ్‌టైటిల్స్ నేను ఆడిన ఏ పెద్ద గేమ్‌లోనూ చూడలేదు. తెలుగు మీడియంలో చదివినవాడు ఎన్ని చీటీలు ఓపిగ్గా చదువుతాడు? కొందరైతే గ్రాఫిక్స్ కార్డు కొనమని సలహాలిస్తారు, చీటీల సంగతి ఒక్కడూ మాట్లాడడు.

మీ సిస్టమ్ పాతదైతే థీఫ్‌తో మొదలుపెట్టండి, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. కొత్తదైతే సేల్‌లో ఔటర్ వైల్డ్స్ తీసుకోండి, పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఇరుక్కుపోతే ఇక్కడ కామెంట్లో అడగండి. సూచన ఇస్తాను, జవాబు మాత్రం చెప్పను.