పురుగూ లైకెనూ: పొగని ఏది బాగా పట్టిస్తుంది?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ బైపీసీ. పొగ వల్ల ఇంగ్లండ్‌లో మాత్‌లు (రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుక లాంటి పురుగులు) నల్లబడ్డాయని, చెట్ల బెరడు మీద మచ్చల్లా పెరిగే లైకెన్లు చచ్చిపోయాయని చదివాడట. ఈ రెండిట్లో కాలుష్యాన్ని సరిగ్గా చూపించేది ఏది? మా వైపు చెట్లు చూసి గాలి ఎలా ఉందో చెప్పొచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: లైకెనేనండీ. మాత్‌లు మసి పట్టి నల్లబడలేదు, ముందు ఈ సంగతి మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. పెప్పర్డ్ మాత్‌లో తెల్లదీ నల్లదీ రెండూ ఒకే జాతి, జన్యువులో వచ్చిన మార్పే తేడా. మాంచెస్టర్‌లో 1848లో నల్లది కనిపించింది, 1895కల్లా అక్కడ నూటికి 98 నల్లవే. బెరడు మీద లైకెన్లు పోయి మసి పేరుకున్నాక తెల్లవి పక్షుల కంట్లో పడి ఆహారమైపోయాయి. అంటే వాటి రంగుని మార్చింది నేరుగా పొగ కాదు, పిట్టలు.

లైకెన్ అలా కాదు. ఒక శిలీంధ్రం (ఫంగస్), దాని పొరల్లో బతికే శైవలం (నాచు లాంటిది), రెండూ కలిస్తే లైకెన్ (మనం బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా ఇదే). వేళ్లు లేవు, ఆకులకుండే మైనపు పూత లేదు, అందుకే వానలో గాలిలో ఏముంటే అది పీల్చేసుకుంటుంది, బొగ్గు పొగలో ఉండే విషవాయువు సల్ఫర్ డయాక్సైడ్‌తో సహా.

కానీ అన్ని లైకెన్లూ చావలేదు! లెకనోరా కొనిజియాయిడిస్ అనే బూడిదపచ్చ రకం ఆ విషాన్ని తట్టుకుని, మిగతావి ఖాళీ చేసిన మానులన్నీ ఆక్రమించింది. జాతిని జాతితో పోల్చాలంటే నల్ల మాత్‌కి జోడీ ఇదే. బ్రిటన్‌లో 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చి పొగ తగ్గుతూ వచ్చాక రెండూ తగ్గిపోయాయి. మాత్‌కి మాత్రం అదే జాతిలో తెల్లవి ఉన్నాయి కాబట్టి అవి పెరిగాయి, లెకనోరాకి ఆ వీలు లేక చోటంతా వేరే లైకెన్లకి వదలాల్సి వచ్చింది. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా నచ్చేది ఈ తేడానే.

ఇక గాజువాక. లైకెన్ కనిపించనంత మాత్రాన గాలి చెడిపోయిందని టెన్షన్ పడకండి, ఎండ, తేమ, బెరడు అన్నీ లెక్కలోకి వస్తాయి. బెరడు ఊడే జామ, యూకలిప్టస్ వదిలేసి, ఒకే లావున్న మామిడి చెట్లు మీ దగ్గర కొన్ని, కంబాలకొండ అడవి వైపు కొన్ని చూసి, ఎన్ని రకాల మచ్చలున్నాయో రాసుకోమనండి. మచ్చ మీద కాసిన్ని నీళ్లు చల్లితే చాలా రకాల్లో పైపొర పారదర్శకమై లోపలి శైవలం పచ్చగా తేలుతుంది, మామూలు భూతద్దంలో చక్కగా కనిపిస్తుంది. గోకి మాత్రం తీయొద్దనండి, బెరడుకి అతుక్కుపోయే రకాలు ఏడాదికి మిల్లీమీటరు పెరిగితే గొప్ప.