ఒకే కౌన్సెలర్... అన్నయ్య మానేశాడు, తమ్ముడు మానలేదు!

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్ళు. వాడూ, మా పెదనాన్నగారి అబ్బాయీ కలిసే తాగుడు నేర్చుకున్నారు. నిరుడు ఇద్దరినీ ఒకే కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళాం. అన్నయ్య ఎనిమిది నెలలుగా ముట్టుకోలేదు. మావాడు మూడోసారికే గొడవపడి వచ్చేశాడు. అన్నం దగ్గర ఆ మాట ఎత్తితే కంచం విసిరేస్తాడు. లోపం కౌన్సెలర్‌దా, మావాడిదా? తాగుడు మాన్పించే మాత్ర పొడి చేసి కూరలో కలిపెయ్యమంటోంది పక్కింటావిడ. కలపమంటారా?
– ఒక అక్క, తెనాలి

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న. కలపకండమ్మా. ఆవిడ చెప్పింది డైసల్ఫిరామ్ అయ్యుంటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం... ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూసి ఇస్తే, తెలిసి ఒప్పుకుని వేసుకోవాల్సిన మాత్ర అది. పైగా సంగతి తెలిసిన రోజున మీ చేతి అన్నం కూడా నమ్మడు.

ఇక లోపం ఎవరిదంటే, జత కుదరలేదంటాను. అమెరికాలో తాగుడు సమస్య ఉన్న 1,726 మందితో ప్రాజెక్ట్ మ్యాచ్ అనే అధ్యయనం చేశారు. 1997లో ఫలితాలొచ్చాయి. అందులో పోల్చి చూసిన మూడు రకాల చికిత్సలూ మొత్తం మీద ఇంచుమించు ఒకేలా పనిచేశాయి. ఎవరికి ఏది నప్పుతుందన్న ఊహలు చాలావరకు వీగిపోయాయి కూడా. నిలిచిన కొద్దివాటిలో ఒకటి మాత్రం మీ తమ్ముడి లాంటివాళ్ళ గురించే. కోపం ఎక్కువున్నవాళ్ళకి, ఎదురు వాదించకుండా మానడానికి కారణాలు వాళ్ళ నోటితోనే చెప్పించే పద్ధతి బాగా పనిచేసింది. అదీ నాలుగే సిట్టింగులు. కోపం తక్కువున్నవాళ్ళకి మిగతావే మేలు. మీ అన్నయ్య ఆ బాపతు కాబోలు.

ఎదురు వాదించి ఉపదేశాలిచ్చే తప్పు నేనూ చేశాను. ఒక ఆటో డ్రైవర్‌కి లివర్ బొమ్మ చూపిస్తుంటే, "మానమని మా ఆవిడ రోజూ చెబుతుంది సార్, మీకు ఫీజు కట్టి మళ్ళీ వినాలా?" అన్నాడు. బొమ్మ మూసేసి, తాగని రోజు సాయంత్రం ఏం చేస్తారని అడిగాను. చాలాసేపు ఫ్యాను వంక చూశాడు. "ఏడింటికి ఆటో పెట్టేశాక ఏం చెయ్యాలో తెలీదండీ." అక్కణ్ణుంచి మా మాటలన్నీ ఆ ఏడింటి చుట్టూనే తిరిగాయి.

మీవాడి స్నేహితులంతా తాగేవాళ్ళేనా? అలాంటివాళ్ళకి ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగుల వైపు నడిపించిన చికిత్స ఎక్కువ ఉపయోగపడిందని అదే అధ్యయనంలో మూడేళ్ళ తర్వాత తేలింది.

కొత్త కౌన్సెలర్‌ దగ్గరికి వెళ్తే, ఇంతకుముందు ఎందుకు గొడవైందో ముందే చెప్పండి. రోజూ బాగా తాగేవాడైతే ఒక్కసారిగా మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు, సైకియాట్రిస్టు చూడాల్సిందే. వాడు రానంటే మీరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కంచం దగ్గర మాత్రం ఆ మాట ఎత్తకండి. కనీసం అన్నం తిననివ్వండి.